ఓడదొంగకు అరువు తెచ్చిన గొంతు

ముప్పై ఏళ్లకు పైగా ఎమ్మిగనూరులో ఒక సినిమా హాల్లో పనిచేశాను. గేటు దగ్గర టికెట్లు చించాను, బుకింగ్ కిటికీలో కూర్చున్నాను, చివరికి మేనేజరునయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో పద్దెనిమిది రోజులు మాత్రం ఓడదొంగగా బతికాను. నా ఉద్యోగం గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేవి ఆ పద్దెనిమిది రోజులే.

మీకిది వింతగా ఉండొచ్చు. ఇప్పుడు ఏ దేశం సినిమా అయినా మీ ఫోనులో తెలుగు మాట్లాడుతుంది. నేను పనిలో చేరిన కాలంలో అలా లేదు. కొత్త తెలుగు సినిమా ముందు ఆదోనికి వచ్చేది. అక్కడ బాగా ఆడి, గీతలు పడి, అప్పుడు మా ఊరికి చేరేది. ఈలోపల వచ్చే ఖాళీ వారాల్లో ఉదయం ఆటకు మా యజమాని పాత ఇంగ్లీషు సినిమాలు తెచ్చి వేసేవాడు. జనం ఫైటింగుల కోసం వచ్చేవాళ్లు, మాటలు మొదలైతే బీడీలు కాల్చుకోవడానికి బయటికి పోయేవాళ్లు, ఇంటర్వెల్ తర్వాత సగం మంది తిరిగి వచ్చేవాళ్లు కాదు.

ఒకసారి ఓడదొంగల సినిమా ఒకటి వచ్చింది. డబ్బాలు దించుతూ ఉండగా యజమాని నన్ను పిలిచాడు.

"మనోళ్లకు కథ అర్థమైతే ఈ బొమ్మ బాగా ఆడ్తాదప్పా. నువ్వు ఇంటరు సదివినావు గదా, పైన మైకులో కూచోని తెలుగులో సెప్పు."

"నేను ఇంగ్లీషులో తప్పినానన్నా."

"రెండోసారికి పాసైతివి గదా. సాలు."

అలా నాకు ఆ ఉద్యోగం వచ్చింది. ఆపరేటరు క్యాబిన్లో ఒక మైకు ఉండేది. సైకిలు స్టాండులో ఎవరి సైకిలో అడ్డంగా ఉందనో, ఎవరి పాపో తప్పిపోయిందనో చెప్పడానికి వాడేవాళ్లం. ఆ మైకు పట్టుకుని, ప్రొజెక్టరు పక్కనున్న చిన్న కిటికీలోంచి తెర చూస్తూ కథ చెప్పాలి. నేను వేలెత్తితే ఆపరేటరు సినిమా శబ్దం తగ్గిస్తాడు, వేలు దించితే పెంచుతాడు.

ఆపరేటరు గురించి చెప్పాలి. ఆయనది ఆదోని. రోజూ మొదటి బస్సుకు వచ్చి చివరి బస్సుకు పోయేవాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. రెండు ప్రొజెక్టర్ల మధ్య రీలు మార్చడంలో ఆయనంత నేర్పరి మా చుట్టుపక్కల లేడు. ఒక రీలు అయిపోయి ఇంకో రీలు మొదలైన సంగతి తెర ముందున్న వాళ్లకు తెలిసేది కాదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తెర తెల్లబడలేదని ఆయన గర్వం.

మొదటి రోజు సినిమా నడుస్తూ ఉంటే కథ నాకు కళ్లతోనే అర్థమైంది. కుర్ర కథానాయకుడి మాటలు కూడా సగం సగం అందాయి. కానీ ఓడదొంగల నాయకుడు నోరు తెరిచేసరికి నా చదువంతా ఆవిరైపోయింది. నెరిసిన గడ్డం, ఒక కన్ను ఎప్పుడూ సగం మూసి చూస్తాడు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఆయన మాట్లాడుతుంటే రోట్లో జొన్నలు పోసి రుబ్బుతున్నట్టుంది. ప్రతి మాటలోనూ ర అక్షరాన్ని సాగదీసి గొంతులో తిప్పుతాడు.

"వీడు ఇంగ్లీషే మాట్లాడుతున్నాడా భాయ్?" అన్నాడు చాచా.

"ఏమో చాచా. పోయిన ఏడు వచ్చిన ఓడదొంగల బొమ్మలో గూడ దొంగ ఇట్లనే మాట్లాడినాడు. ఆయప్ప వేరే, ఈయప్ప వేరే. మాట మాత్రం ఒకటే."

"అయితే దొంగల భాష ఇదే అన్నమాట" అని తేల్చేశాడు చాచా. నేనూ నమ్మాను. ఓడదొంగలకు వాళ్లదంటూ ఒక భాష ఉందనీ, ఇంగ్లండులో వాళ్లందరూ అలానే మాట్లాడేవాళ్లనీ అనుకున్నాను.

కథానాయకుడికి రేడియో వార్తల తెలుగు పెట్టాను. అది బాగానే కుదిరింది. దొంగ నాయకుడికి ఏ తెలుగు పెట్టాలో తోచలేదు. రెండు రోజులు పౌరాణికాల్లో రాక్షసుడి మాదిరి గంభీరంగా అరిచాను. జనం ఆవలించారు. మూడో రోజు ఆ నాయకుడు ఓడ పైభాగానికి వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా పోతున్న ఇంకో ఓడను చూసి ఏదో అరిచాడు. నా నోట్లోంచి నేను అనుకోని మాట వచ్చేసింది.

"ఎవుర్రా ఆడ పొయ్యేది?"

హాలంతా ఈలలు, కేకలు, బెంచీల మీద దరువులు. ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో హాల్లో సగం మందికి తెలుసు.

అది మా వీధి మామది. రక్తసంబంధం లేదు, వరసకు మామ. గుంటమగ్గం నేసేవాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు దాన్ని. అలా కూర్చున్నవాడికి ఎదురుగా ఉన్న వాకిట్లోంచి వీధిలో పోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. చిన్నప్పట్నుంచీ మగ్గం చప్పుడులో ఉండి ఆయనకు చెవులు మందగించాయి. అందుకని ఏం మాట్లాడినా వీధి చివరిదాకా వినిపించేలా మాట్లాడేవాడు. కాళ్లు కనిపిస్తే చాలు, గుంటలోంచి కేక వేసేవాడు: "ఎవుర్రా ఆడ పొయ్యేది?" ఎవరో చెబితే, "ఎండలో పోతాండావు, రా, నీళ్లు తాగిపో" అనేవాడు. రోజుకు ఇరవై సార్లు అనేవాడు. నేను స్కూలుకు పోయేటప్పుడూ ఆ కేకే, హాలుకు పోయేటప్పుడూ ఆ కేకే. మా వీధిలో పుట్టిన ప్రతివాడూ ఆయనను అనుకరించినవాడే. నేను అందరికంటే బాగా చేసేవాణ్ణి.

ఆ రోజు నుంచి దొంగ నాయకుడు పూర్తిగా మామ అయిపోయాడు. ఆయన గొంతు, ఆయన సాగదీత, మాట చివర "ఇంటివా?" అని, అంటే విన్నావా అని, నిలదీయడం, అన్నీ పెట్టాను. రుబ్బురోలు ఇంగ్లీషుకు ఆ గొంతు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వారం ఆడాల్సిన బొమ్మ రెండో వారంలోకి పోయింది. ఆలూరు నుంచి, హొళగుంద నుంచి జనం వచ్చారు. ఆదోని నుంచి కూడా వచ్చారు. ఆదోని వాళ్లు సినిమా కోసం మా ఊరికి రావడం అనేది అంతకు ముందు జరగలేదు. మా యజమాని గాల్లో తేలిపోయాడు.

వాళ్లంతా నా గొంతు కోసమే వచ్చారంటే అబద్ధం. ఆ ఏడు మా వైపు వానలు లేవు. పత్తి చేలు మొలకల్లోనే మాడిపోయాయి. తెర మీద సముద్రం కనిపించగానే చీకట్లో ఎవరో ఒకరు "అబ్బా, ఎన్ని నీళ్లప్పా!" అనేవాళ్లు. ప్రతి ఆటలోనూ అనేవాళ్లు. నాకూ అప్పటికి సముద్రం తెలియదు. కథ చెప్పడం ఆపి చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి. చాచా మోచేత్తో పొడిచేవాడు.

పదమూడో రోజున అత్త, అంటే మామ భార్య, హాలు దగ్గరికి వచ్చింది. ఆవిడ అంతకు ముందు ఎప్పుడూ అలా రాలేదు. సైకిలు స్టాండు పక్కన నిలబడి, నన్ను సైగ చేసి పిలిచింది.

"ఏమప్పా, మీ మామ నీకు ఏం సేసినాడు?"

నాకు అర్థం కాలేదు.

"మొన్న సెవి సూపిచ్చుకుందామని ఆదోనికి పోయినాడు. బస్టాండులో టీ ఇయ్యమని అడిగినాడంట. ఆడున్నోళ్లంతా ఒకటే నవ్వు. ఓడదొంగ వచ్చినాడ్రా, మన సంచులు జాగ్రత్త అన్నారంట. ఆయనకు రోంతనే ఇనబడింది. మిగతాది మొగాలు సూసి తెలుసుకున్యాడు. టీ తాగకుండా, డాక్టరు కాడికి పోకుండా, మళ్లీ బస్సెక్కి వచ్చేసినాడు."

"నేను మామను అనలేదత్తా. అది బొమ్మలో దొంగకు…"

"దొంగకే పెడితివి గదప్పా! వేరే ఎవురికీ పెట్టకపోతివే."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "నాలుగు దినాలాయె, మాట్లాడేది మానుకున్యాడు. బువ్వ పెట్టమని గూడ సైగ సేస్తాడు. అడిగితే ఒకటే మాట అన్యాడు. నా మాట నాది కాకుండా పాయె అన్యాడు" అని చెప్పి వెళ్లిపోయింది.

అప్పుడు గమనించాను. నాలుగు రోజులుగా నేను ఆ వాకిలి ముందునుంచే హాలుకు పోతున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. కేక లేదు. నాకు ఆ లోటు తెలియనే లేదు. హాల్లో ఆ కేక రోజూ నేనే వేస్తున్నాను కదా.

ఆ సాయంత్రం యజమానితో చెప్పాను, రేపట్నుంచి దొంగకు వేరే గొంతు పెడతానని.

"జనం వచ్చేదే ఆ గొంతుకప్పా. నీకు పిచ్చి పట్టిందా?"

"మామ బాధ పడతాండాడన్నా."

"బొమ్మ పోతానే మర్చిపోతాడు. ఇంకో నాలుగు దినాలు. గొంతు మార్చినావంటే పైనుంచి దిగి అట్లే ఇంటికి పో."

ఇక్కడ నేను వీరుణ్ణని రాసుకోవాలని ఉంది. కానీ అలా జరగలేదు. మరునాడు మళ్లీ అదే గొంతు పెట్టాను. కాస్త తగ్గించి పెట్టాననీ, గుర్తుపట్టకుండా పెట్టాననీ నాకు నేను చెప్పుకున్నాను. జనం మాత్రం ఎప్పటిలాగే గుర్తుపట్టి ఎప్పటిలాగే ఈలలు వేశారు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. ఆ ఈలలు వదులుకోలేకపోవడం ఇంకొంత. రెండోదే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకోగలను.

ఆ తర్వాత ఆదివారం. ఉదయం ఆటకు హాలు నిండిపోయింది, గోడల వెంబడి నిలబడ్డారు. తెర మీద పేర్లు పడుతుండగా కిటికీలోంచి జనాన్ని చూస్తున్నాను. నేల క్లాసులో, నడిమి దారి పక్కన, తెల్ల తలగుడ్డ కనిపించింది. మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చెవులు పోయాక ఆయన సినిమాకు రావడం మానేసి ఏళ్లయింది. పక్కవాళ్లు ఆయనను చూసి ఒకరినొకరు గిల్లుకుంటున్నారు.

దొంగ నాయకుడు ఓడ పైకి వచ్చాడు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అరిచాడు. నేను వేలెత్తాను, చాచా శబ్దం తగ్గించాడు, నాకు మాట రాలేదు.

"సెప్పప్పా!" అన్నారు కింద.

"మైకు సెడిపోయిందా?"

"ఓ ఎమ్మిగనూరు దొంగా, నిద్దర పోయినావా?"

ఈలలు మొదలయ్యాయి. అంతలో ఎవడో బాల్కనీలోంచి తనే అరిచాడు, "ఎవుర్రా ఆడ పొయ్యేది?" అని. హాలంతా నవ్వింది. తెల్ల తలగుడ్డ లేచింది. వెళ్లిపోతున్నాడనుకున్నాను. సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. కాసేపటికి క్యాబిన్ బయట ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. చాచా తలుపు తీశాడు.

మామ గుమ్మంలో నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ముందు ప్రొజెక్టరును చూశాడు. తిరుగుతున్న చక్రాలను, దానిలోంచి పోతున్న ఫిలింను నేతగాడు ఇంకొకరి మగ్గాన్ని చూసినట్టు కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత వెలుతురు వెంట చూపు పోనిచ్చి, కిటికీలోంచి తెర చూశాడు. కిందినుంచి చూసినప్పుడు ముందువాళ్ల తలలు అడ్డం వచ్చి ఉంటాయి. ఇక్కడినుంచి సముద్రమంతా ఒక్కసారిగా కనిపించింది.

"ఇదంతా నీళ్లేనా?" అన్నాడు.

అత్తతో అన్న ఆ ఒక్క మాట తప్ప, ఆరు రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలంతా వినపడింది. అసలు గొంతు. కింద ఈలలు ఠక్కున ఆగిపోయాయి.

"నీళ్లే మామా" అన్నాను.

"ఆయప్ప ఏమంటాండాడు?"

"నాకు తెల్దు మామా. ఆయప్ప మాట నాకు ఒక్కటి గూడ అర్థం కాదు."

ఆయన చెవులకు అందాలని గట్టిగా చెప్పాను. అదీ మైకులో పోయింది. పద్నాలుగు రోజులుగా ఎమ్మిగనూరుకు ఇంగ్లీషు తెలుగు చేసి చెబుతున్న పెద్దమనిషి రంగు అలా బయటపడింది. కింద ఎవరో కిసుక్కుమన్నారు.

"తెలీకనే నా గొంతు పెడితివా?"

"పెడితి మామా."

ఆయన చెయ్యి చాచాడు. "అది ఇట్లియ్యి."

నా స్టూలు ఆయన వైపు జరిపి మైకు ఇచ్చాను. ఇంకేం చేయగలను? ఓడదొంగ మళ్లీ దూరంగా పోతున్న ఓడను చూస్తున్నాడు. మామ మైకును నోటికి దగ్గరగా పట్టుకోలేదు. గుంటలోంచి వీధిలోకి పిలిచినట్టే పిలిచాడు.

"ఎవుర్రా ఆడ పొయ్యేది? ఎండలో పోతాండారే! రాండి, నీళ్లు తాగి పోండి!"

తెర మీద అప్పుడే ఫిరంగి పేలింది. హాలు పగలబడి నవ్వింది. కానీ ఆ నవ్వు వేరే రకం. మామకు ఆ నవ్వు వినపడలేదు, ముఖాలు కనపడలేదు. ఆయనకు కనిపిస్తున్నది తెర ఒక్కటే. నేను చెవి దగ్గర అరుస్తున్నాను, "వాళ్ల ఓడను దోచుకుంటాండారు మామా!" అని. "ఏంటికి? వాళ్లకు తిండి లేదా?" అని అడుగుతాడు. అది దొంగ నాయకుడి మాట అయిపోతుంది. తెర మీద నాయకుడు కత్తి దూసి తన మనుషుల మీద అరిస్తే, "పనిలో దిగినాక సోమరితనం పనికి రాదప్పా!" అంటాడు. అదీ సరిపోతుంది. చాచా కడుపు పట్టుకుని నవ్వుతూ శబ్దం పెంచడం, తగ్గించడం చేస్తున్నాడు. కాసేపటికి కింద నవ్వులు తగ్గాయి. జనం కథలో పడిపోయారు. నేను చెప్పినన్ని రోజులూ వాళ్లు నా గొంతు విని నవ్వారే గానీ, ఆ దొంగ ఒక మనిషని ఎవరికీ అనిపించలేదు. నాకే అనిపించలేదు.

చివరి రీళ్లలో తుపాను వస్తుంది. ఓడకు చిల్లు పడుతుంది. అడుగున గదిలోకి నీళ్లు వస్తాయి. మనుషులు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి కేకలు వేస్తుంటారు. ఆ సీను రాగానే మామ స్టూలు మీదినుంచి లేచి నిలబడ్డాడు. కిటికీ అంచు పట్టుకున్నాడు. ఆయన కాళ్లు కదులుతున్నాయి, గుంటలో మగ్గం తొక్కుతున్నట్టు ఒకటి మార్చి ఒకటి.

"నీళ్లు కాళ్ల కాడికి వచ్చినాయి" అన్నాడు. గొంతు మామూలుగా లేదు. "లేవండ్రా! గుంతలో నీళ్లొచ్చినాయి! పడుగు ఎత్తండి! పడుగు పైకెత్తండప్పా!"

మీలో మగ్గం తెలియనివాళ్ల కోసం చెబుతాను. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన నూలు. నెలకు సరిపడా పని అందులో ఉంటుంది. గుంటలోకి వాన నీళ్లు ఎక్కి పడుగు తడిసిందంటే ఆ ఇంటికి ఆ నెల లేనట్టే. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది నేతవాళ్లు. ఆ మాటతో నేల క్లాసులో మనుషులు లేచి నిలబడ్డారు. ఆడవాళ్ల బెంచీల్లోంచి ఎవరో, "ఎత్తండప్పా, ఎత్తండి!" అని అరిచారు. తెర మీద తెరచాపలు లాగుతున్నారు. ఇక్కడ ఎవరికీ అవి తెరచాపలు కావు.

ఈ కేక నేను ఇంతకు ముందు విన్నాను. నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. మా వీధిలో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడి, ఇళ్లలో గుంటలన్నీ నిండిపోయాయి. మామ ఇంటింటికీ పరుగెత్తుతూ ఇదే కేక వేశాడు. మా ఇంట్లోకి వచ్చి మా నాయనతో కలిసి మా పడుగు ఎత్తాడు. పక్కింటికి పోయాడు. ఆ పక్కింటికి పోయాడు. ఆయన తన ఇంటికి చేరేసరికి ఆయన పడుగు నీళ్లలో ఉంది. నాకు అంతా తెలుసు. తెలిసీ ఆ గొంతును దొంగకు పెట్టాను.

తెర మీద ఆ దొంగ నాయకుడు తన మనుషులను ఒక్కొక్కణ్ణే చిన్న పడవలోకి తోస్తున్నాడు. తను దిగడం లేదు. కథలో అలా ఉంది. పద్నాలుగు రోజులు చూసినా అందులో ఏముందో నాకు తెలియలేదు.

"మీరు పోండప్పా" అన్నాడు మామ, ఇప్పుడు మెల్లగా. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. "మీవి మీరు ఎత్తుకోండి. నాది పోతే పోనీ. నాది నేను సూసుకుంటా. పోండి, పోండి."

ఓడ మునిగింది. నీళ్లు మాత్రం మిగిలాయి. తర్వాత తెర తెల్లబడింది.

రీలు అయిపోయింది. ఇంకో రీలు మొదలు కావాలి. మొదలు కాలేదు. చాచా రెండో ప్రొజెక్టరు మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉన్నాడు. గడ్డం తడిసిపోయింది. ఆయన జీవితంలో తెర తెల్లబడడం అదే మొదటిసారి. మామూలుగా తెర రెండు క్షణాలు తెల్లబడితే బాల్కనీ నుంచి చెప్పులు పడతాయి. ఆ రోజు ఒక్క ఈల లేదు, ఒక్క కేక లేదు. అంతమంది తెల్ల తెర ముందు నిలబడి ఉన్నారు. తిరుగుతున్న ఖాళీ చక్రం చప్పుడు ఒక్కటే వినపడింది. ముప్పై ఏళ్లలో ఎన్నో ఆటలు చూశాను, హాళ్లు దద్దరిల్లడం విన్నాను. అలాంటి నిశ్శబ్దం మళ్లీ వినలేదు.

"అయిపాయెనా?" అని అడిగాడు మామ.

"ఇంకొక రీలుంది మామా" అన్నాను. కథానాయకుడి పెళ్లి ఉంది అందులో. చాచా వేశాడు. మేం దానికి మాటలు చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మైకు బల్ల మీద పెట్టి ఆయన మెట్ల వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"మామా, తప్పు సేసినాను."

"సేసినావు" అన్నాడు. చెయ్యి విడిపించుకోలేదు. "ఆయప్ప నిజంగా ఏమన్యాడో యాడన్నా కనుక్కోని నాకు సెప్పు."

యజమాని ఆ ఆట అంతా హాలు వెనక నిలబడి చూశాడని తర్వాత తెలిసింది. నన్ను ఇంటికి పొమ్మనలేదు. మామను రోజూ వచ్చి చెప్పమని అడగడానికి మాత్రం వాళ్లింటికి వెళ్లాడు. "నాకు మగ్గం మీద పని ఉండాది" అని మామ పంపించేశాడు. మిగిలిన రోజులు నేను నా సొంత గొంతుతో, ఏది తెలిస్తే అది, తెలియనిది తెలియదని చెబుతూ నడిపించాను. జనం తగ్గారు. వచ్చినవాళ్లు మాత్రం చివరిదాకా కూర్చున్నారు. పద్దెనిమిదో రోజు డబ్బాలు బళ్లారి వైపు పోయాయి. మామ వాకిలి మళ్లీ తెరుచుకుంది. నా కాళ్లను గుర్తుపట్టి పిలవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. అది న్యాయమే.

ఆయన అడిగిన పని నేను మరిచిపోలేదు. ఆదోనిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఉన్నాడని చాచా చెప్పాడు. సెలవు రోజున ఆయన ఇంటికి వెళ్లాను. అదృష్టం, ఆయన చదువుకునే రోజుల్లో మద్రాసులో ఆ సినిమా చూశాడు. నేను వచ్చిన పని చెబితే ముందు నవ్వాడు, ఆదివారం సంగతి విన్నాక నవ్వడం ఆపాడు.

"మునిగే సీనులో ఆయన పెద్దగా ఏం మాట్లాడడయ్యా. గాలి హోరే ఎక్కువ" అన్నాడు. "ఇక ఆ మాటతీరు అంటావా, అది దొంగల భాష కాదు. అట్లాంటి భాషే లేదు. నిజం ఓడదొంగలు ఏ దేశం వాళ్లు ఆ దేశం మాట మాట్లాడి ఉంటారు. ఎట్లా మాట్లాడినారో విన్నవాడెవడూ మిగల్లేదు. ఇంగ్లండులో పడమటి వైపు సముద్రం పక్కన పల్లెలున్నాయి. అక్కడ రైతులు, చేపలు పట్టేవాళ్లు అట్లా మాట్లాడతారు. ఆ వైపు నుంచి వచ్చిన ఒక నటుడు ఎప్పుడో దొంగ వేషం వేసి, తన ఊరి మాటనే ఇంకాస్త సాగదీసి మాట్లాడినాడు. జనానికి నచ్చింది. ఆ తర్వాత దొంగ వేషం వేసిన ప్రతివాడూ అదే పట్టుకున్నాడు."

తిరుగు బస్సులో నేను కిటికీ బయటికి చూస్తూ ఆశ్చర్యంలో మునిగిపోయాను. సముద్రాల అవతల, నేను పుట్టకముందే, ఎవరో సరిగ్గా నేను చేసిన పనే చేశాడు. ప్రపంచమంతా దాన్ని నిజమనుకుంది. నేనూ అనుకున్నాను. ఇంత విచిత్రమైన సంగతి మోసుకుపోతున్నానని, మామ విని నవ్వుతాడని అనుకున్నాను.

బస్టాండు నుంచి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లాను. మగ్గం పక్కన నేల మీద కూర్చుని, చెవి దగ్గర గట్టిగా, అంతా చెప్పాను. ఆయన వింటూనే నేస్తున్నాడు. నటుడు, ఊరి మాట, తర్వాత అందరూ దాన్నే పట్టుకోవడం, అన్నీ చెప్పి ముగించాను. ఆయన చెయ్యి ఆగింది. వాకిట్లోంచి వీధి వైపు చూశాడు.

"అయితే ఆ ఊరోళ్లు పక్కూరికి పోయి టీ ఎట్ల అడుగుతాండారప్పా?" అన్నాడు.